గరాజ్‌లో మామూలు ప్లగ్గు

పోయిన చలికాలమంతా మా అమ్మాయి రెండు వారాలకోసారి, శనివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేది. పన్నెండింటికి తలుపు తీస్తే, నాలుగింటికల్లా అదే తలుపు దగ్గర నిలబడి బూట్లు తొడుక్కుంటూ ఉండేది. శుక్రవారం సాయంత్రం నుంచి నేను వండినవన్నీ ఆ కాస్త సేపట్లో కొన్ని దాని కడుపులోకీ, మిగిలినవి ప్లాస్టిక్ డబ్బాల్లోకీ వెళ్ళిపోయేవి. కారు మలుపు తిరిగాక వంటింట్లోకి వచ్చి, సింకు నిండా ఉన్న గిన్నెల్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది. గిన్నెలు తోమలేక ఏడుస్తున్నానని మా ఆయన అనుకునేవారు. నేనూ అలాగే అనుకోనిచ్చేదాన్ని.

మేముండేది ఇల్లినాయ్‌లో, అరోరాలో. అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. చదువయ్యాక తనకి పడమటి వైపు డెబ్భై మైళ్ళ దూరంలో, రాక్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అక్కడి స్కూల్లో, మాట సరిగా రాని పిల్లలకి మాట నేర్పే పని. స్పీచ్ థెరపిస్ట్ అంటారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏమడిగినా ‘ఊ’, ‘ఊహూ’ తప్ప జవాబివ్వని పిల్ల ఊళ్ళో వాళ్ళ పిల్లలకి మాటలు నేర్పుతోందంటే నాకు మొదట నవ్వాగలేదు. జీతం ఎక్కువేం కాదు. చదువుకి తీసుకున్న లోను ఇంకా నడుస్తోంది. అయినా తనకి ఆ ఊరు నచ్చింది, ఆ పిల్లలంటే ప్రాణం.

ఈ అక్టోబరులో మేమిచ్చిన పాత కారు ట్రాన్స్‌మిషన్ పోయి చతికిలబడింది. బాగు చేయించే ఖర్చుతో ఇంకో కారు కొనుక్కోవచ్చన్నాడు మెకానిక్. అప్పట్నుంచి స్కూల్‌కి తోటి టీచరు కారులో వెళ్ళొస్తోంది. అమ్మాయి మాకు ఫోన్ చేసి, తను ఎలక్ట్రిక్ కారు కొంటున్నాననీ, అది సెకండ్ హ్యాండ్‌దనీ, డబ్బు పూర్తిగా తనదేననీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. వాళ్ళ స్కూల్ పార్కింగ్‌లో చార్జర్లు ఉన్నాయట. టీచర్లకి ఉచితమట.

అంతవరకూ బాగానే ఉంది. కానీ తను చూసిన కారులో రెండు రకాలు దొరుకుతున్నాయి. చిన్న బ్యాటరీది నిండా చార్జ్ చేస్తే నూట యాభై మైళ్ళు పోతుందట. పెద్ద బ్యాటరీది రెండు వందల యాభై. చిన్నది తన బడ్జెట్‌లో సరిగ్గా సరిపోయింది. పెద్దది దాటిపోయింది. ఇక నవంబరంతా మా ఇంట్లో ఈ వంద మైళ్ళ తేడా తప్ప వేరే మాట లేదు.

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తారు. ఏ వస్తువు ఎక్కడ చెడిపోతుందో ముందే కనిపెట్టడం ఆయన వృత్తి. ఆఫీస్‌లో చేసింది చాలదని ఇంటికి కూడా తెచ్చుకుంటారు. కొత్త కుక్కర్ కొంటే అన్నం ఎలా ఉడికిందని చూడరు, సేఫ్టీ వాల్వ్ ఎప్పుడు పేలుతుందా అని చూస్తారు. అలాంటి మనిషికి చలికాలమూ, బ్యాటరీ కలిపి దొరికితే ఊరుకుంటారా?

“చలికి బ్యాటరీ నీరసించిపోతుంది. పైగా హీటర్ కూడా దాన్నే తింటుంది. కంపెనీ వాడు నూట యాభై అన్నది జనవరిలో తొంభై అవుతుంది,” అన్నారు.

“అయితే ఏం? మన ఇంటికి డెబ్భై మైళ్ళేగా.”

“రావడానికి డెబ్భై. వెళ్ళడానికి ఇంకో డెబ్భై ఎవరిస్తారు? మధ్యలో డీకాల్బ్ దగ్గర ఫాస్ట్ చార్జర్ ఉంది. గడ్డకట్టే చలిలో, గ్యాస్ స్టేషన్ వెనకాల, పిల్ల ఒక్కతే కూర్చోవాలి. ఒకసారి కూర్చుంటుంది, రెండోసారి కూర్చుంటుంది. మూడోసారి ‘ఈ వారం రాలేను నాన్నా’ అంటుంది.”

అప్పుడు పడింది నా గుండెల్లో రాయి. వచ్చేది నాలుగు గంటల కోసమే అని ఏడ్చానే, ఇప్పుడు ఆ నాలుగు గంటలు కూడా పోయేట్టున్నాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా పిల్ల మొహం ఫోన్‌లోనే చూసుకోవాలేమో. ఆ క్షణం నుంచి నేను కూడా పెద్ద బ్యాటరీ పార్టీలో చేరిపోయాను.

మాకు తెలిసినవాళ్ళలో ఎవరేం కొన్నా ముందు ఎవరో ఒక అంకుల్‌ని అడగడం ఆనవాయితీ. ఇళ్ళకి ఒక అంకుల్, పన్నులకి ఒక అంకుల్, కార్లకి ఎదురింటి అంకుల్. ఆయన ఖరీదైన ఎలక్ట్రిక్ కారు నడుపుతారు. మా ఆయన వెళ్ళి అడగ్గానే చెప్పేశారు.

“అన్నా, చిన్నది మాత్రం తీస్కోకుండ్రి. చలికాలంల పరేషాన్ అయితరు. నా కార్ గింత పెద్దదైతేనే జనవరిల మైళ్ళు సగమే సూపిస్తది. బిడ్డ ఒక్కతే నడుపుడు గదా, పెద్దదే తీస్కొమ్మని చెప్పుండ్రి.”

ఈ బలంతో మా ఆయన అమ్మాయికి ఫోన్ చేసి, తేడా ఎంతైనా తానిస్తానన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

“నో నాన్నా. ఇది నా కార్, నా బడ్జెట్. నువ్వు పే చేస్తే అది నీ కార్ అయిపోతుంది.”

“నా కారు ఎందుకవుతుంది?”

“ఓల్డ్ కార్ అలాగే కదా. ఆయిల్ చేంజ్ చేశావా, టైర్స్ చెక్ చేశావా, రోజూ అదే అడిగావు. నేను ఎలా ఉన్నానో కార్ తరవాత అడిగావు.”

ఆయన అలిగారు. మా ఆయన అలిగితే అన్నం మానరు, మాట మానరు, గరాజ్ సర్దుతారు. ఆ సాయంత్రం పాత డబ్బాలన్నీ తీసి, ఫ్రీజర్ పక్కకి జరిపి, చీపురు పెట్టి మూలలు ఊడ్చారు. ఫ్రీజర్ వెనక మామూలు ప్లగ్గు ఒకటి బయటపడింది. ఇస్త్రీ పెట్టెకీ, టోస్టర్‌కీ వాడేలాంటిదే. అప్పుడు దాన్ని మేమిద్దరం పట్టించుకోలేదు. నాకు మాత్రం ఇద్దరి మీదా కోపంగా ఉంది. తీసుకోవడం చేతకాని కూతురు, ఇవ్వడం చేతకాని తండ్రి. మధ్యలో నా శనివారాలు పోతున్నాయి.

డిసెంబరులో ముక్కు ఊడిపోయేంత చలి పడ్డ ఆదివారం చూసుకుని, మా ఆయన అదే చిన్న బ్యాటరీ కారు ఒకటి ఒక రోజుకి అద్దెకి తెచ్చారు. డీకాల్బ్ దాకా వెళ్ళి వెనక్కొస్తే సరిగ్గా డెబ్భై మైళ్ళు. రుజువు చేసి చూపిస్తారట.

“టెస్ట్ అంటే అసలు వాడకంలో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. పిల్ల కార్లో ఏమేం పెట్టి పంపిస్తావో అవన్నీ పెట్టు,” అన్నారు.

బియ్యం బస్తా డిక్కీలో పెట్టించారు. ఆవకాయ, కందిపొడి, రెండు రకాల కూరలు వెనక సీట్లోకి వెళ్ళాయి. సాంబారు కూడా కావాల్సిందేనన్నారు. పొయ్యి మీంచి దింపిన గిన్నెకి మూతపెట్టి, టవల్ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నారు.

హైవే ఎక్కామో లేదో సాంబారు ఆవిరికీ, మా ఊపిరికీ లోపలి అద్దాలన్నీ మసకేసి, అంచుల దగ్గర గడ్డకట్టడం మొదలెట్టాయి. రోడ్డు కనిపించడం లేదు. నేను మఫ్లర్‌తో తుడిచిన చోట మళ్ళీ మసక. ఆయన అద్దం మీదికి వేడిగాలి పూర్తిగా పెట్టారు. అంతటితో ఆగకుండా హీటర్‌ని ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తిప్పారు. ఆయన పుట్టి పెరిగింది బెజవాడలో. పాతికేళ్ళుగా ఇల్లినాయ్‌లో ఉంటున్నా ఆ ఒంటికి ఈ చలి ఇంకా అలవాటే కాలేదు. కారు తెరమీద మిగిలిన మైళ్ళు కళ్ళముందే జారిపోతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. చుట్టూ కోసేసిన మొక్కజొన్న చేలు, వాటిమీద మంచు, కారుని పక్కకి తోసే గాలి. నా ఒళ్ళో సాంబారు.

ఇంటికి చేరేసరికి బ్యాటరీ ఖాళీ అయ్యేలా ఉంది. ఆయన తెరని ఫోటో తీసి, వెంటనే అమ్మాయికి వీడియో కాల్ చేశారు.

“చూడు. డెబ్భై మైళ్ళకే ప్రాణం మీదికొచ్చింది. నేను చెప్పలేదూ?”

“హీటర్ ఎంత పెట్టావు నాన్నా?”

“ఎంతో కొంత పెట్టాను.”

“ఎనభై!” అని నేను వెనకనుంచి అరిచాను.

అమ్మాయి పడీపడీ నవ్వింది. “నాన్నా, నువ్వు బ్యాటరీ టెస్ట్ చెయ్యలేదు, నిన్ను టెస్ట్ చేశావు. నేను సీట్ హీటర్ వేస్తాను, అది చాలు. ఇంకా చార్జర్‌కి ఉన్నప్పుడే కార్ వార్మ్ చేస్తాను, అప్పుడు బ్యాటరీ వేస్ట్ అవ్వదు. అండ్ అమ్మా, టెస్ట్‌లో సాంబార్ ఎందుకు?”

“మీ నాన్ననే అడుగు,” అన్నాను. ఆయన కూడా నవ్వేశారు. ఆ రాత్రికి ఆ సాంబారే తిన్నాం, అదైనా కలిసొచ్చింది.

మరుసటి వారం అమ్మాయి చిన్న బ్యాటరీ కారే కొనుక్కుంది. ఫోటో పంపింది. నీలం రంగు, ముద్దుగానే ఉంది. పక్కన నిలబడి నవ్వుతున్న పిల్లని చూసి సంతోషపడ్డాను. ఫోన్ పక్కన పెట్టాక మాత్రం దిగులు పట్టుకుంది. క్యాలెండర్‌లో మార్చి ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను.

జనవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. స్కూల్ అవగానే బయల్దేరుతుందట. శనివారం కాదు, శుక్రవారం! ఏమైందోనని నేను హడలిపోయాను. ఒంట్లో బాగాలేదా, ఉద్యోగం పోయిందా అని మా ఆయన్ని నానా ప్రశ్నలూ వేశాను. ఆయనకేం తెలుసు? ఆ రెండు గంటలూ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నారు.

నీలం కారు వచ్చి వాకిట్లో ఆగింది. మా ఆయన పిల్లని పలకరించకుండా తెర చూడబోయి, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, “ఎలా ఉన్నావమ్మా?” అన్నారు. అమ్మాయి ఆయన్ని వాటేసుకుంది. తెర మీద ఇంకా ఇరవై మైళ్ళ పైచిలుకు మిగిలే ఉన్నాయి.

ఆయన తన కారుని గరాజ్‌లోంచి తీసి బయట మంచులో పెట్టి, నీలం కారుకి చోటిచ్చారు. ఆయన పాతికేళ్ళలో ఎవరికీ ఇవ్వని గౌరవం అది. ఫ్రీజర్ వెనక మామూలు ప్లగ్గుకి కేబుల్ తగిలించారు. ఎప్పటికి నిండుతుందో చూసి అదిరిపడ్డారు.

“ఆదివారం మధ్యాహ్నం మూడింటికట! ఇంత నెమ్మదిగానా?”

“ఆర్డినరీ ప్లగ్ కదా నాన్నా,” అని, అమ్మాయి బ్యాగ్ భుజాన వేసుకుని లోపలికి వచ్చేసింది. ఆ బ్యాగ్‌లో రాత్రి బట్టలున్నాయి. అది చూసేదాకా నా బుర్రకి ఎక్కలేదు, పిల్ల రెండు రాత్రులు ఉండబోతోందని.

శనివారం తను పదకొండింటిదాకా నిద్రపోయింది. లేచాక తలకి నూనె పెట్టించుకుంది. మధ్యాహ్నం ఎప్పట్లాగే తిన్నాం. మూడున్నర అయ్యేసరికి నా చేతులు వాటంతటవే డబ్బాల మూతలు వెతకడం మొదలెట్టాయి. వెనక్కి తిరిగి చూస్తే తను సోఫాలో కాళ్ళు ముడుచుకుని, దుప్పటి కప్పుకుని ఉంది. ఎక్కడికీ వెళ్ళదు. వెళ్దామన్నా వెళ్ళలేదు. నేను మూతలు సొరుగులో పడేసి, వెళ్ళి పక్కన కూర్చున్నాను.

నాలుగు దాటాక మొదలయ్యాయి మాటలు. ఒక చిన్న పిల్ల సంగతి చెప్పింది. ఏడాదిగా తనతో ఒక్కో మాటే అనేదిట. మొన్న మంచు పడుతుంటే కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, ‘నాతో ఇక్కడ నిలబడు’ అని వాక్యం మొత్తం చెప్పిందట. చెప్తుంటే మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు. ఇంటి ఓనరు పిల్లి సంగతి చెప్పింది. వంట నేర్చుకోబోయి మాడ్చిన పోపు సంగతి చెప్పింది. మా ఆయన టీవీ కట్టేసి మరీ విన్నారు. నేను కన్న పిల్లకి ఇన్ని మాటలున్నాయని నాకు తెలియనే తెలియదు. కొన్ని మాటలు గది వెచ్చబడితే గానీ బయటికి రావేమో. మేమెప్పుడూ ఆ సమయం దాకా రానేలేదు.

ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నారు. పిల్లకి తెలియకుండా ఒక ఏర్పాటు చేశారట. మంగళవారం ఎలక్ట్రీషియన్ వచ్చి గరాజ్‌లో పెద్ద చార్జర్ బిగిస్తాడట.

“ఇక ఈ నత్తనడక ఉండదు. నాలుగైదు గంటల్లో నిండిపోతుంది. వచ్చావా, తిన్నావా, శనివారం చీకటి పడకముందే వెళ్ళిపోవచ్చు,” అన్నారు, బహుమతి ఇచ్చినవాడిలా మా మొహాలు చూస్తూ.

అమ్మాయి కలుపుతున్న ముద్ద ఆపేసింది.

“నన్ను పంపించడానికి ఎందుకు అంత తొందర మీకు?”

“తొందరా? మాకా?” అన్నారు మా ఆయన.

“లాస్ట్ వింటర్ కూడా అంతే. త్రీ థర్టీ అయితే అమ్మ డబ్బాలు ప్యాక్ చేస్తుంది. నాన్న బయటికి వెళ్ళి నా కార్ స్టార్ట్ చేస్తాడు. చీకటి పడుతుంది, బయల్దేరు, బయల్దేరు. ప్రతిసారి. ఒక్కసారి కూడా ఉండు అని అనలేదు మీరు. నేను అనుకున్నాను, మీకు ఏదో పనులున్నాయి, నేను లేట్ చేస్తున్నాను అని.”

“పనులా!” అన్నాను. “మాకేం పనులే తల్లీ? నీకే తొందరేమో అనుకున్నాం. చీకట్లో ఒక్కదానివీ నడుపుతావని భయం, అంతే.”

“నాకు తొందర లేదు అమ్మా. అందుకే స్మాల్ బ్యాటరీ. చీప్ కూడా, ఓకే, అది నిజం. కానీ డీలర్ దగ్గర నేను లెక్క వేశాను. ఇంటికి వస్తుంది, వెంటనే వెళ్ళదు. మీరు బయల్దేరు అన్నా కార్ బయల్దేరదు కదా.”

నాకు ఏడుపొచ్చేసింది. ఈసారి వంక పెట్టుకోవడానికి గిన్నెలు కూడా లేవు, అందరి ముందూ ఏడ్చాను. నీ గది నీ గదేనే, నువ్వు ఎన్నాళ్ళుంటే మాకు అంత పండగే అని, ఇన్నాళ్ళూ అననివన్నీ ఎంగిలి చేత్తోనే అనేశాను. మా ఆయన లేచి గరాజ్‌లోకి వెళ్ళారు. సర్దడానికి అక్కడేం మిగల్లేదు. అయినా చాలాసేపు అక్కడే ఉన్నారు.

కారు మూడింటికే నిండింది. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. టీ తాగి, పకోడీలు తిని, పూర్తిగా చీకటి పడ్డాకే అమ్మాయి బయల్దేరింది. ఇల్లు చేరాక ఫోన్ చేసింది. ఆ గంటన్నరా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చున్నాం. అదీ ఒక సుఖమేనని నాకు ఆరోజే తెలిసింది.

సోమవారం పొద్దున నేను ఆఫీస్‌కి తయారవుతుంటే, మా ఆయన వంటింట్లో నిలబడి ఎలక్ట్రీషియన్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. మంగళవారం రావద్దని చెప్తున్నారు. పోనీ, మరో రోజు ఎప్పుడు రమ్మంటారని అతను అడిగినట్టున్నాడు.

అక్కర్లేదనీ, ఉన్న ప్లగ్గు బాగానే పనిచేస్తోందనీ, మా అమ్మాయికి తొందరేమీ లేదనీ చెప్పి ఫోన్ పెట్టేశారు.